రాత్రి 2 గంటల బ్యాకప్ ఎందుకు రన్ అవ్వలేదు? హోమ్ సర్వర్‌లో తప్పు పట్టుకునే పద్ధతి

ఫోన్‌లో 128 జీబీ నిండిపోయింది, క్లౌడ్‌కి నెలనెలా డబ్బు కట్టడం ఇష్టం లేదు. అందుకే రాస్ప్‌బెర్రీ పై మీదో, మూలన పడున్న పాత ల్యాప్‌టాప్ మీదో లైనక్స్ వేసి సొంతంగా హోమ్ సర్వర్ పెట్టుకున్నారు. ఫొటోలు వైఫైలో సర్వర్‌కి వెళ్తాయి. రాత్రి 2 గంటలకి సర్వర్ వాటిని యూఎస్‌బీ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తుంది. ఒక సాయంత్రం కూర్చుంటే మొత్తం సెటప్ అయిపోతుంది, ఆ తర్వాత దాని సంగతే మర్చిపోతాం.

చిక్కంతా ఆ మర్చిపోవడంలోనే ఉంది. ఫోన్‌లో యాప్ క్రాష్ అయితే స్క్రీన్ మీద కనిపిస్తుంది. షెడ్యూల్ చేసిన బ్యాకప్ ఆగిపోతే మాత్రం ఎక్కడా చప్పుడు ఉండదు. ఫోన్ నీళ్లలో పడి, పాత ఫొటోల కోసం హార్డ్ డిస్క్ తెరిచిన రోజున తెలుస్తుంది, చివరి ఫైల్ నాలుగు నెలల కిందటిదని.

ఇది ఇంట్లో సర్వర్ పెట్టుకున్నవాళ్లకే జరుగుతుందనుకోకండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ రెండో సర్వర్‌లో తీసేయాల్సిన డేటాబేస్ ఫోల్డర్‌ని పొరపాటున మెయిన్ సర్వర్‌లో డిలీట్ చేశారు. సరే, బ్యాకప్ ఉందిగా అని చూస్తే, బ్యాకప్‌లు పెట్టాల్సిన అమెజాన్ ఎస్3 బకెట్ ఖాళీగా ఉంది. రోజూ రన్ అవుతున్న బ్యాకప్ టాస్క్ పోస్ట్‌గ్రెస్ 9.2 వెర్షన్ టూల్‌ని వాడుతోంది, డేటాబేస్ మాత్రం 9.6. వెర్షన్ కలవక ప్రతిసారీ ఎర్రర్‌తో ఆగిపోతోంది. ఆ ఎర్రర్ గురించి ఈమెయిల్ వెళ్లాలి, వెళ్లింది కూడా. కానీ దానికి డీమార్క్ సంతకం లేదని అవతలి మెయిల్ సర్వర్ వెనక్కి కొట్టేసింది. ఒక ఇంజనీర్ సుమారు 6 గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్ ఉండబట్టి బయటపడ్డారు. అయినా ఆ మధ్యలోని డేటా పోయింది. ఇదంతా గిట్‌ల్యాబ్ వాళ్లే దాచకుండా బయటపెట్టారు, అందుకు వాళ్లని మెచ్చుకోవాలి.

ఆ కథలో గమనించాల్సిందేంటంటే, టాస్క్ "రన్ అవుతోంది". కానీ బ్యాకప్ లేదు. అందుకే మన దగ్గర బ్యాకప్ రాలేదని తెలిసినప్పుడు నేరుగా స్క్రిప్ట్ తెరిచి గెలకడం మొదలుపెట్టకూడదు. ముందు ఒక్క ప్రశ్నకి జవాబు తెచ్చుకోవాలి: టాస్క్ అసలు మొదలవ్వలేదా? మొదలై మధ్యలో ఆగిందా? పూర్తయింది కానీ పనికొచ్చే ఫైల్ రాలేదా? మూడూ వేర్వేరు జబ్బులు, మందులు కూడా వేరే.

(కింద కమాండ్లన్నీ తెలుగు లిపిలోనే రాశాం. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయండి.)

మొదలైందో లేదో ఎలా తెలుస్తుంది?

లైనక్స్‌లో టైమ్ ప్రకారం పనులు చేయించేది క్రాన్. అది ఏ పని మొదలుపెట్టినా లాగ్‌లో ఒక లైన్ రాస్తుంది. డెబియన్, ఉబుంటు, రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లలో జర్నల్‌సీటీఎల్ -యు క్రాన్ అని కొడితే ఆ లైన్లన్నీ వస్తాయి. ఫెడోరా లాంటి వాటిలో సర్వీస్ పేరు క్రాన్‌డి. రాత్రి 2 గంటల దగ్గర మీ స్క్రిప్ట్ పేరుతో సీఎండీ అనే లైన్ ఉందంటే టాస్క్ మొదలైనట్టే, లేకపోతే లేనట్టే. ఊహలతో పని లేదు.

లైన్ లేకపోతే ముందు సర్వీస్ నడుస్తోందో లేదో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ క్రాన్‌తో చూడండి. నడుస్తుంటే క్రాన్‌ట్యాబ్ -ఎల్ కొట్టి మీ లైన్ అందులో ఉందో లేదో చూడండి. ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. సుడో పెట్టి ఎడిట్ చేస్తే అది రూట్ యూజర్ పట్టిక, సుడో లేకుండా చేస్తే మీ యూజర్ పట్టిక. రెండూ వేరే ఫైళ్లు. ఒకదాంట్లో రాసి రెండోదాంట్లో వెతికితే ఎప్పటికీ దొరకదు.

పట్టికలో లైన్ ఉన్నా నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఐదు నక్షత్రాలు, అంటే * * * * * రాసి, దాని పక్కన డేట్ కమాండ్ అవుట్‌పుట్‌ని టెంప్ ఫోల్డర్‌లో ఒక ఫైల్‌కి కలిపేలా పెట్టండి. నిమిషానికొక లైన్ పడుతుంటే క్రాన్ బాగానే ఉంది, లోపం మీ లైన్‌లోనే ఉంది. రెండు నిమిషాల పని ఇది, రెండు గంటల వెతుకులాట తప్పిస్తుంది. పరీక్ష అయ్యాక ఆ లైన్ తీసేయడం మర్చిపోకండి.

స్క్రిప్ట్‌ని ఈటీసీ కింద ఉన్న క్రాన్.డైలీ ఫోల్డర్‌లో పడేసినవాళ్లకి మరో మెలిక. డెబియన్ కుటుంబంలో ఆ ఫోల్డర్‌ని నడిపేది రన్-పార్ట్స్ అనే ప్రోగ్రామ్. ఫైల్ పేరులో అక్షరాలు, అంకెలు, హైఫన్, అండర్‌స్కోర్ తప్ప ఇంకేమీ ఉండకూడదు. అంటే బ్యాకప్.ఎస్‌హెచ్ అని చుక్క పెట్టి పేరు పెడితే దాన్ని పట్టించుకోదు. ఎర్రర్ కూడా ఇవ్వదు! చుక్క, ఎక్స్‌టెన్షన్ తీసేసి ఉత్త బ్యాకప్ అని పెడితే చాలు. రన్-పార్ట్స్ --టెస్ట్ అని ఆ ఫోల్డర్ పేరు ఇస్తే ఏవేవి రన్ అవుతాయో ముందే చూపిస్తుంది.

2 గంటలకి అన్నారు, ఎవరి 2 గంటలు?

అద్దెకి తీసుకున్న క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీ టైమ్‌లో ఉంటాయి. మన టైమ్ దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. అక్కడ 0 2 * * * అని రాస్తే మనకి ఉదయం 7:30కి రన్ అవుతుంది, మీరేమో 6 గంటలకి లేచి బ్యాకప్ రాలేదని తల పట్టుకుంటారు. మనకి తెల్లవారుజాము 2 కావాలంటే అక్కడ 30 20 * * * అని రాయాలి. వారానికోసారి పెట్టేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. మనకి ఆదివారం రాత్రి 2 అంటే అక్కడ ఇంకా శనివారమే. టైమ్‌డేట్‌సీటీఎల్ కొడితే సర్వర్ ఏ టైమ్ జోన్‌లో ఉందో తెలిసిపోతుంది. టైమ్ జోన్ మారిస్తే క్రాన్ సర్వీస్‌ని కూడా ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఇంట్లో ఉన్న సర్వర్‌కి అసలు శత్రువు కరెంటు కోత. క్రాన్‌కి జాలి లేదు. సరిగ్గా 2 గంటలకి మెషీన్ ఆఫ్‌లో ఉంటే ఆ రోజు బ్యాకప్ లేనట్టే, కరెంటు వచ్చాక తిరిగి చేయదు. పైగా రాస్ప్‌బెర్రీ పై 4, అంతకు ముందు మోడళ్లలో బ్యాటరీతో నడిచే గడియారమే లేదు. పై 5లో గడియారం ఉంది కానీ బ్యాటరీ మనమే విడిగా కొనాలి. అది లేకపోతే కరెంటు వచ్చాక పై పాత టైమ్‌తోనే లేస్తుంది. ఇంటర్నెట్ వచ్చాకే సరైన టైమ్ పట్టుకుంటుంది. గడియారం అలా ఒక్కసారిగా 3 గంటలకి మించి ముందుకు దూకితే మధ్యలో ఉన్న పనుల్ని క్రాన్ వదిలేస్తుంది.

దీనికి మందు సిస్టమ్‌డి టైమర్. అందులో పర్సిస్టెంట్=ట్రూ అని ఒక్క లైన్ ఉంటే, తప్పిపోయిన పనిని మెషీన్ లేవగానే చేసేస్తుంది. క్రాన్‌లోనే ఉండిపోవాలంటే అనాక్రాన్ అనే ప్యాకేజ్ ఉంది, రోజువారీ పనులకి అది సరిపోతుంది. మన ఊళ్లలో కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి, కొత్తగా సెటప్ చేసేవాళ్లు నేరుగా టైమర్‌కే వెళ్లడం మేలని మా అభిప్రాయం.

చేత్తో రన్ చేస్తే వస్తుంది, క్రాన్‌లో రాదు

ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. కారణం నూటికి తొంభైసార్లు ఒక్కటే: మీరు టెర్మినల్‌లో ఉన్నప్పుడు ఉండే వాతావరణం క్రాన్‌కి ఉండదు. మీ టెర్మినల్‌కి ప్రోగ్రామ్‌లు ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే పాత్ అనే జాబితా పొడుగ్గా ఉంటుంది. డెబియన్ క్రాన్‌లో మామూలుగా ఉండేది రెండు ఫోల్డర్లే, /యూఎస్ఆర్/బిన్, /బిన్. మీరు యూఎస్ఆర్ కింద లోకల్ ఫోల్డర్‌లో వేసుకున్న టూల్ దానికి కనిపించదు. షెల్ కూడా బాష్ కాదు, సాదా ఎస్‌హెచ్. స్క్రిప్ట్ మొదటి లైన్‌లో బాష్ అని చెప్పకుండా బాష్ తెలివితేటలు వాడితే అక్కడే పడిపోతుంది.

కాబట్టి స్క్రిప్ట్‌లో ప్రతి ప్రోగ్రామ్‌కీ, ప్రతి ఫోల్డర్‌కీ స్లాష్‌తో మొదలయ్యే పూర్తి అడ్రస్ రాయండి. ఏ ప్రోగ్రామ్ ఎక్కడుందో విచ్ కమాండ్ చెబుతుంది. ఇంకా అనుమానంగా ఉంటే, ఇందాకటి నిమిషం పరీక్షలో డేట్ బదులు ఎన్వ్ పెట్టి చూడండి. క్రాన్‌కి ఏమేం తెలుసో మొత్తం ఫైల్‌లో పడుతుంది. దాన్ని మీ టెర్మినల్‌లో ఎన్వ్ ఇచ్చిన జాబితా పక్కన పెడితే తేడా కళ్ల ముందుంటుంది.

బ్యాకప్ రాసేవాళ్లనే పట్టుకునే ప్రత్యేకమైన తప్పు ఒకటుంది. ఫైల్ పేరులో తేదీ రావాలని డేట్ కమాండ్‌లో % గుర్తు వాడతాం కదా. క్రాన్‌ట్యాబ్ లైన్‌లో % అంటే "ఇక్కడితో లైన్ అయిపోయింది" అని అర్థం. కమాండ్ సగంలో తెగిపోతుంది. టెర్మినల్‌లో ఎన్నిసార్లు చేసినా బాగానే వస్తుంది కాబట్టి ఈ తప్పు కనిపించదు. % ముందు వెనక్కి వాలిన గీత \ పెట్టాలి. అంతకంటే సులువు, తేదీ వ్యవహారమంతా స్క్రిప్ట్ లోపల పెట్టి, క్రాన్‌ట్యాబ్‌లో స్క్రిప్ట్ అడ్రస్ మాత్రమే రాయడం.

వేరే మెషీన్‌కి ఎస్ఎస్‌హెచ్ ద్వారా పంపేవాళ్లు కీకి పాస్‌ఫ్రేజ్ ఉందేమో చూసుకోండి. పగలు మీరు ఒకసారి టైప్ చేసి ఉంటారు, అది గుర్తుంటుంది. రాత్రి 2కి టైప్ చేసేవాళ్లు ఎవరూ లేరు. బ్యాకప్ కోసం విడిగా ఒక కీ చేసి, అవతలి వైపు దానికి ఆ ఒక్క పని చేసే అనుమతి మాత్రమే ఇవ్వండి. ఎస్ఎస్‌హెచ్‌కి బ్యాచ్‌మోడ్=యెస్ ఇస్తే పాస్‌వర్డ్ కోసం ఎదురుచూస్తూ వేలాడకుండా వెంటనే ఫెయిల్ అవుతుంది. ఎదురుచూసే ప్రోగ్రామ్ కంటే ఫెయిల్ అయ్యే ప్రోగ్రామే నయం. మొదటి సోమవారం వేలాడిన కాపీ ఇంకా నడుస్తుండగానే మంగళవారం రెండోది మొదలైతే రెండూ ఒకే ఫైల్ మీద పడి కొట్టుకుంటాయి. అది జరగకుండా ఎఫ్‌లాక్ -ఎన్ ముందు పెట్టండి.

ఎర్రర్ మెసేజ్ ఎక్కడికి పోతోంది అంటారా? క్రాన్ దాన్ని మెయిల్ చేయాలనుకుంటుంది. ఇంటి సర్వర్లలో మెయిల్ ప్రోగ్రామ్ ఉండదు కాబట్టి "మెయిల్ పంపేది లేదు, అవుట్‌పుట్ పారేస్తున్నా" అనే అర్థం వచ్చే లైన్ లాగ్‌లో రాసి, అసలు ఎర్రర్‌ని పారేస్తుంది. లైన్ చివర >> గుర్తుతో ఒక లాగ్ ఫైల్ పేరు, ఆ తర్వాత 2>&1 పెడితే ఎర్రర్లు కూడా ఆ ఫైల్‌లోకే వస్తాయి. నెట్‌లో దొరికే ఉదాహరణల్లో చాలామంది అవుట్‌పుట్‌ని నల్ అనే చెత్తబుట్టలోకి తోసేస్తారు. బ్యాకప్ లైన్‌కి మాత్రం ఆ పని ఎప్పుడూ చేయకండి.

అన్నిటికంటే ప్రమాదం: అంతా బాగుందని చెప్పే బ్యాకప్

యూఎస్‌బీ డిస్క్ ఊడిపోయినా, మౌంట్ కాకపోయినా, అది ఉండాల్సిన ఫోల్డర్ మాత్రం అలాగే ఉంటుంది, ఖాళీగా. ఆర్‌సింక్‌కి తేడా తెలియదు. ఫొటోలన్నీ ఆ ఫోల్డర్‌లోకి, అంటే పైలో ఉన్న ఎస్‌డీ కార్డ్ మీదకే కాపీ చేసి "అయిపోయింది" అంటుంది. కొన్ని రోజులకి కార్డ్ నిండి సర్వరే మొరాయిస్తుంది. దీన్ని ఆపడానికి స్క్రిప్ట్ మొదట్లోనే మౌంట్‌పాయింట్ -క్యూ కమాండ్‌తో డిస్క్ నిజంగా ఉందో లేదో అడిగి, లేకపోతే ఆగిపోమని రాయాలి.

దీనికి తిరగబడిన వెర్షన్ ఇంకా ఘోరం. ఆర్‌సింక్‌కి --డిలీట్ ఆప్షన్ పెడితే, సర్వర్‌లో లేని ఫైళ్లని బ్యాకప్‌లో కూడా తీసేస్తుంది. ఏదో కారణం చేత ఫొటోల ఫోల్డర్ ఖాళీగా కనిపించిన రాత్రి, అది చెప్పిన మాట విని బ్యాకప్ మొత్తం తుడిచేస్తుంది. --డిలీట్ తప్పనిసరి అయితే --మ్యాక్స్-డిలీట్‌తో ఒక హద్దు పెట్టండి.

డిస్క్ ఎందుకు ఊడిపోతుంది అంటే చాలాసార్లు పవర్ చాలక. పై 5కి 3 యాంపియర్ల పాత ఛార్జర్ తగిలిస్తే యూఎస్‌బీ పోర్ట్‌లన్నిటికీ కలిపి 600 మిల్లీయాంపియర్లే ఇస్తుంది. 5 యాంపియర్ల సప్లై పెడితే 1.6 యాంపియర్లు ఇస్తుంది. తిరిగే హార్డ్ డిస్క్‌కి మొదటిది చాలకపోవచ్చు. ఫొటోలు కాపీ అయ్యే వేళ డిస్క్ గట్టిగా పనిచేస్తుంది కాబట్టి సరిగ్గా రాత్రి 2కే ఊడుతుంది. డీమెసేజ్ లాగ్‌లో అండర్‌వోల్టేజ్ అనే మాట కనిపిస్తే స్క్రిప్ట్‌ని వదిలేసి ఛార్జర్ మార్చండి. అలాగే డిస్క్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు. 4కే వీడియోలు తీసేవాళ్లకి అది ఎంతోసేపు కాదు.

డేటాబేస్ బ్యాకప్ తీసేవాళ్లకి (నెక్ట్స్‌క్లౌడ్ పెట్టుకుంటే మీకూ ఒక డేటాబేస్ ఉన్నట్టే) ఇంకో ఉచ్చు. డంప్ కమాండ్ నుంచి పైప్ గుర్తు | పెట్టి జీజిప్‌కి పంపుతాం. డంప్ ఫెయిల్ అయినా జీజిప్ తన పని బాగానే చేస్తుంది, దానికి వచ్చిన శూన్యాన్ని చక్కగా కుదించి పెడుతుంది. షెల్ చివరి ప్రోగ్రామ్ ఫలితాన్నే చూస్తుంది కాబట్టి సక్సెస్ అంటుంది. రోజుకో కొత్త ఫైల్, తేదీ కూడా కరెక్ట్‌గానే ఉంటుంది. సైజ్ చూస్తే 20 బైట్లు. బాష్ స్క్రిప్ట్‌లో సెట్ -ఓ పైప్‌ఫెయిల్ అని ఒక లైన్ పెడితే మధ్యలో ఏది ఫెయిల్ అయినా మొత్తం ఫెయిల్ అయినట్టు లెక్క.

ఒక్కోసారి సర్వర్ తప్పేమీ ఉండదు. అది రాత్రి బుద్ధిగా రన్ అవుతుంది, కాపీ చేయడానికి కొత్తవేమీ ఉండవు. ఎందుకంటే ఫోన్‌లో సింక్ యాప్‌ని బ్యాటరీ ఆప్టిమైజేషన్ నిద్రపుచ్చింది. యాప్ ఇన్ఫోలో బ్యాటరీని అన్‌రిస్ట్రిక్టెడ్ చేయండి, ఆటోస్టార్ట్ ఆప్షన్ ఉన్న ఫోన్ అయితే అదీ ఆన్ చేయండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఈ సెట్టింగ్ మారలేదని చూసుకోండి.

విండోస్ పీసీనే సర్వర్‌గా వాడేవాళ్లకి

టాస్క్ షెడ్యూలర్‌లో హిస్టరీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ముందు కుడివైపు నుంచి దాన్ని ఆన్ చేయండి. లాస్ట్ రన్ రిజల్ట్ చివర 41303 అని ఉంటే టాస్క్ ఇంతవరకు ఒక్కసారీ రన్ కాలేదని, 41301 అంటే ఇంకా నడుస్తూనే ఉందని. ల్యాప్‌టాప్ అయితే కండిషన్స్‌లో "ఏసీ పవర్ మీద ఉంటేనే" అన్న టిక్ ముందే పెట్టి ఉంటుంది. కరెంటు పోయి బ్యాటరీ మీదున్న రాత్రి టాస్క్ మొదలవ్వదు. టైమ్ తప్పితే వీలైనంత త్వరగా రన్ చేయమనే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, అది మనమే పెట్టాలి. జెడ్ డ్రైవ్ అని మ్యాప్ చేసుకున్న నెట్‌వర్క్ ఫోల్డర్ కూడా, మీరు లాగిన్ కాకుండా రన్ అయ్యే టాస్క్‌కి కనిపించదు. రెండు \\ గీతలతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ అడ్రస్ ఇవ్వండి.

మౌనాన్ని నమ్మకండి

ఇక మీదట ఇలా జరిగితే నాలుగు నెలలకి కాకుండా మర్నాడే తెలియాలి. చాలామంది "ఫెయిల్ అయితే మెసేజ్ పంపు" అని రాస్తారు. సర్వరే ఆఫ్‌లో ఉంటే ఆ మెసేజ్ పంపేదెవరు? గిట్‌ల్యాబ్‌లో జరిగిందీ అదే, ఫెయిల్ మెసేజే దారిలో పోయింది. కాబట్టి తిరగేయండి. బ్యాకప్ సక్సెస్ అయినప్పుడు మెసేజ్ రావాలి, రాకపోవడమే ప్రమాద సూచన. స్క్రిప్ట్ చివర, అన్నీ సరిగ్గా అయితేనే, హెల్త్‌చెక్స్ లాంటి సర్వీస్ ఇచ్చిన లింక్‌ని కర్ల్‌తో ఒకసారి తట్టమని రాయండి. చెప్పిన టైమ్‌లోగా ఆ తట్టు పడకపోతే ఆ సర్వీసే మీకు అలర్ట్ పంపుతుంది. అది మీ ఇంట్లో ఉండదు కాబట్టి మీ కరెంటు పోయినా దానికి ఫర్వాలేదు. టెలిగ్రామ్ బాట్‌కి "ఈరోజు ఇన్ని ఫైళ్లు, ఇంత సైజ్" అని పంపించుకునేవాళ్లూ ఉన్నారు. అదీ మంచిదే, కాకపోతే రోజూ వచ్చే మెసేజ్ ఒకరోజు రాలేదని గమనించే పని మీ మీదే ఉంటుంది.

తట్టే ముందు స్క్రిప్ట్ రెండు విషయాలు చూసుకుంటే ఇంకా గట్టి: కొత్త ఫైల్ తేదీ ఈరోజుదేనా, సైజ్ నిన్నటి దానికంటే ఒక్కసారిగా పడిపోలేదా. 20 బైట్ల ఫైల్ అక్కడే దొరికిపోతుంది.

ఇవన్నీ సెట్ చేశాక, నెలకోసారి బ్యాకప్ డిస్క్‌లోంచి ఏదో ఒక పాత ఫొటో, ఒక కొత్త వీడియో వేరే ఫోల్డర్‌లోకి తీసి ఫోన్‌లో తెరిచి చూడండి. డేటాబేస్ ఉంటే దాన్ని ఖాళీ మెషీన్‌లోకి ఎక్కించి చూడండి. మొదటిసారి చేసేటప్పుడు ఎంత టైమ్ పట్టిందో రాసి పెట్టుకోండి. 500 జీబీ తిరిగి రావడానికి ఒక రాత్రి పడుతుందా, ఒక వారం పడుతుందా అనేది ఫోన్ పోకముందే తెలిసుంటుంది.